పావగడ నల్లకంబళి

కర్ణాటక రాష్ట్రమునకు చెందియు, మూడు వైపుల ఆంధ్రదేశముచే చుట్టుకొనబడి, తాను చేరిన తుమకూరు జిల్లా ముఖ్యభూభాగమునకు దాదాపుగా ఎడబాసి, కచేరీలో కన్నడమును ఇంటిలో తెలుగును పలుకుచు కాలము గడపుచున్న తాలూకా పావగడ. నొళంబులు హేమావతిని రాజధానిగా చేసికొని ఏలిన నాడును, చోళవంశీయులు నిడుగల్లు కొండను ఆశ్రయించి ఏలిన నాడును, పిదప పాళెగాండ్రును, హైదరాలీయు, మైసూరు ప్రభువులును వచ్చిన నాడును, ఈ నేలకు ఎల్లలు ఎన్నియో మారినవి. పన్ను వసూలు చేయువారు మారిరి. వారి భాషయు మారెను. మారనిది గొర్రెల కాపరి భుజముపైని నల్లకంబళి. రాజుల సంగతి శాసనములు చెప్పును; కంబళి సంగతి గొర్రెయే చెప్పవలెను. ఆ గొర్రె తన చర్మమునందును రక్తమునందును దాచుకొనియున్న వృత్తాంతమును చదువు విద్య గడచిన నూరేండ్లలో మెల్లమెల్లగా మనకు అలవడినది గావున, కంబళి చరిత్రను ఆ విద్యతో కలిపి చెప్పుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

పావగడ నేల వరి పండు మాగాణి కాదు. ఒంటరిగా నిలిచిన బండకొండలు, వానికి నడుమ ఇసుక కలసిన ఎర్రనేలలు, ఏటికొకమారు నీరు కనబడిన సంతోషించవలసిన వంకలు, నాగలమడికె సుబ్రహ్మణ్యస్వామి పాదములను ఒరసికొని పారవలసియు పెక్కేండ్లు ఇసుకమేటయై పడియుండు ఉత్తర పినాకిని, ఇవి ఇచ్చటి భూగోళము. ఆ ఇసుకక్రింద కొలది లోతులోనే ఊరు జలను కాలువగా త్రవ్వి పైరుకు పారించుకొను తలపరిగెలు పూర్వులకు ఆధారముగా నుండెను. వాన ఒకయేడు వచ్చి రెండేండ్లు ముఖము చాటువేయు ఇట్టి సీమలో ఎద్దులను నమ్ముకొన్నవానికంటె జీవాలను నమ్ముకొన్నవాడు నిలదొక్కుకొనుట సహజము. గొర్రెకు గరిక చాలును, కంపచెట్ల కాయ చాలును. మేత అయిపోయినచోట నిలువక నడచిపోగలదు. కరవు వచ్చినపుడు రైతు తన పొలమును వెంటబెట్టుకొని పోలేడు. కాపరి తన మందను తోలుకొని పోగలడు. ఈ ఒక్క భేదము వలననే కురుబలును, ఊరికి వెలుపల గొల్లరహట్టులలో నివసించు కాడుగొల్లలును ఈ మెట్టసీమలో తరతరములుగా నిలిచిరి.

మంద యనగా మాంసమే యని నేటివారు తలంతురు. పూర్వము మాంసము దాని కడపటి ప్రయోజనము. పంటకు ముందు చేనిలో రాత్రులు మంద కట్టించుకొని, పెంటకు ప్రతిగా కాపరికి ధాన్యము కొలిచి యిచ్చుట రైతుకు వాడుక; అది మొదటి రాబడి. ఏటికి రెండుమార్లు కత్తిరించు ఉన్ని రెండవది. ఆ ఉన్నితో నేసిన కంబళి మూడవది. చలికి కప్పు, వానకు గొడుగు, ఎండకు పందిరి, రాత్రికి పరుపు, దారిలో మూట, అప్పుడే పుట్టిన గొర్రెపిల్లకు ఉయ్యాల, ఇన్నింటికిని ఆ ఒక్క గుడ్డయే. కాపరి ఆస్తి యంతయు నడచునది గాని, కప్పుకొనునది గాని యై యుండెను.

వస్తువు ఇంత అవసరమైనపుడు అది ఆచారములోనికి ప్రవేశింపకుండుట యెట్లు? కురుబలలో పెండ్లినాడు ఉన్నిదారముతో కంకణము కట్టువారు, నూలుదారముతో కట్టువారు అని రెండు తెగలు కలవు. 1909లో వెలువడిన తన బృహద్గ్రంథమున ఎడ్గర్ థర్‌స్టన్ దొర యీ భేదమును నమోదు చేసియున్నాడు. మైలారలింగని కొలుచు గొరవయ్యలు నల్లకంబళిని అంగీగా ధరించి డమరుకము మ్రోగించుచు తిరుగుదురు. దేవర కార్యములలోను, పెద్దలు కూర్చుండి తగవు తీర్చు తావులలోను కంబళి పరచి దానిని గద్దెగా భావించుట కన్నడ తెలుగు సీమలు రెండింటను కలదు. పట్టుబట్ట మడికి పనికివచ్చినట్లే, ఉన్ని కంబళియు మైలపడదని నమ్మిక. ఈ గౌరవమంతయు పొందునది నల్లని కంబళియే. అదియు రంగువేసిన నలుపు కాదు, గొర్రె పుట్టుకతో తెచ్చుకొన్న నలుపు.

కంబళి తయారగు విధము చూడదగినది. కత్తెర వేయుటకు ముందు మందను మడుగులో ఈదించి దుమ్ము పోగొట్టుదురు. నేలపై పడవేసి కాళ్ళు కట్టిన గొర్రెపై కత్తెర పొట్టనుండి వీపునకు నడచును. ఆరునెలల పిల్లపై తొలిమారు తీసిన ఉన్ని మిక్కిలి మెత్తనిది; దానిని వేరుగా ఉంచుదురు. ఉన్నిని చేతివ్రేళ్ళతో విడదీసి, వింటినారితో ఏకి, ఆడువారు రాట్నముపైనో కదురుపైనో ముతకదారముగా వడుకుదురు. పిమ్మట ఊరి వీధిలో, చెట్టునీడను, పడుగును బారుగా సాగదీసి కట్టుదురు. నానవేసి రుబ్బి ఉడికించిన చింతగింజల గంజిని ఆ దారములకు పట్టించి, ఇద్దరు మనుష్యులు చెరియొక ప్రక్క నిలిచి పెద్ద కుంచెలతో ఒకే వేగమున దువ్వుచు, ఆ కొననుండి ఈ కొనకు వచ్చుచు పోవుచు నుందురు. దారమునకు లేచిన నూగంతయు అణగి, పడుగు బిరుసెక్కి, నల్లని తీగలవలె తళతళలాడిన పిదపగాని అది గుంతమగ్గమునకు ఎక్కదు. ఆడువారు వడికినది మగవారు నేయుదురు. ఇంటిల్లిపాదికిని పని కలదు, అద్దకమువానికి మాత్రము పని లేదు.

అద్దకము లేకపోవుటయే యీ వృత్తికి మూలసూత్రము. పట్టుచీర నేయువాడు తెల్లని పట్టుదారము తెచ్చి నచ్చిన రంగు వేసికొనును; కంబళి నేయువానికి రంగు గొర్రె ఇచ్చినదే. ఆ గొర్రె రంగు దాని తల్లిదండ్రులు ఇచ్చినదే. కావున కంబళి రంగు మగ్గమువద్దకాక, పొట్టేలును ఎన్నుకొను జాతరలోనే నిర్ణయమైపోవుచుండెను. పొట్టేలును కొనవచ్చిన ముసలి కాపరి దాని కొమ్ములు చూచును, పండ్లు చూచును, వెన్ను నొక్కి చూచును. పిమ్మట భుజముమీది ఉన్నిని రెండు అరచేతులతో పాయతీసి లోపలికి చూచును. పైకొనలు ఎండకు మాడి తుప్పురంగు తిరిగియున్నను, చర్మమును అంటియున్న వేళ్ళవద్ద కాటుకనలుపు కనబడవలెను. అచ్చట బూడిదరంగు కనబడినచో ఆ పొట్టేలు కోతకు పోవును. నలుపు కనబడినచో మందకు తండ్రి యగును. ఇట్లు కొన్ని వందల యేండ్లు, పేరు తెలియని వేలకొలది కాపరులు చేసిన ఎన్నికయే దక్కనీ గొర్రె.

లోకమున తక్కిన దేశములందు దీనికి విరుద్ధముగా జరిగెను. రోమను కవి వర్జిల్, పొట్టేలు ఎంత తెల్లనిదైనను దాని నాలుక నల్లగా నున్నచో మందనుండి తొలగింపుమని తన వ్యవసాయకావ్యమున బోధించెను. బైబిలునందు యాకోబు తన మామయైన లాబాను మందలో నల్లని గొర్రెపిల్లలను కూలిగా అడిగి తీసికొనెను. అట్టివి అరుదుగా పుట్టుననియు, వానిని విడిచిపెట్టుట యజమానునకు కష్టము కాదనియు ఆ కథవలన తేలుచున్నది. తెల్ల ఉన్ని యే రంగునైనను పట్టును. నల్ల ఉన్ని మరియొక రంగును పట్టదు. అద్దకము పెరిగిన దేశములందు నలుపు దోషమైనది. అద్దకముతో పనిలేని మన మెట్టసీమలో నలుపే మూలధనమైనది.

ఈ రెండు మతములును మైసూరు సంస్థానముననే ఒకమారు ఎదురుబడెను. సర్ మార్క్ కబ్బన్ కమిషనరుగా నుండిన కాలమున, అనగా 1834కును 1861కిని నడుమ, తెల్లని ఉన్నిగల మెరినో పొట్టేళ్ళను విదేశమునుండి తెప్పించి దేశవాళి గొర్రెలతో సంకరము చేయించు ప్రయత్నము జరిగెను. అది కొంతకాలము సాగి, గిట్టుబాటు కాక, ఆగిపోయెను. బెంగుళూరున ఉన్ని మిల్లు వెలసిన పిదప యంత్రములకు తెల్లని సన్నని ఉన్ని కావలసివచ్చెను. పావగడ, శిర, చళ్ళకెరె, కల్యాణదుర్గ ప్రాంతముల ముతక నల్ల ఉన్ని మాత్రము చేతిమగ్గమునకే మిగిలెను. మిల్లు నిరాకరించుటచేత ఆ ఉన్ని తన సీమలోనే తిరిగెను; చళ్ళకెరె కంబళి సంత దక్షిణదేశమున పేరు పొందెను.

ఇక నలుపు ఎక్కడనుండి వచ్చునను ప్రశ్నకు వత్తము. దీనికి సమాధానము గొర్రెలనుండి మొదలు కాలేదు, కప్పపిల్లలనుండి మొదలైనది. 1916లో అమెరికాదేశమున పి.ఇ. స్మిత్, బి.ఎం. అలెన్ అను ఇరువురు, ఒకరితో ఒకరికి సంబంధము లేకుండ, కప్పపిల్లల మెదడు అడుగున నుండు పీయూషగ్రంథి యంకురమును తొలగించి చూచిరి. నల్లగా నుండవలసిన ఆ పిల్లలు పాలిపోయి వెండిరంగు తిరిగెను. చర్మమును నలుపుచేయు పదార్థము తలలోని గ్రంథినుండి రక్తములో దిగుచున్నదని అపుడు లోకమునకు తెలిసెను. యేల్ విశ్వవిద్యాలయమున ఆరన్ లెర్నర్ అను చర్మవైద్యుడు తన సహచరులతో కలసి పందుల పీయూషగ్రంథులనుండి ఆ పదార్థమును 1950 తరువాతి యేండ్లలో శుద్ధిచేసెను. అది పదమూడు అమినో ఆమ్లముల చిన్న గొలుసు. దానికి ఆల్ఫా ఎం.ఎస్.హెచ్. అని పేరు. విచిత్రమేమనగా, అధివృక్కగ్రంథులను ప్రేరేపించు ఎ.సి.టి.హెచ్. అను ముప్పదితొమ్మిది ఆమ్లముల హార్మోనులో మొదటి పదమూడును ఇవియే. ఒకే తల్లిగొలుసును వేర్వేరు చోట్ల వేర్వేరుగా కత్తిరించి శరీరము ఈ హార్మోనులన్నింటిని చేసికొనుచున్నదని 1979లో క్యోటో నగరపు పరిశోధకులు నకనిషి, నుమా ప్రభృతులు పశువుల పీయూషగ్రంథిని ఆధారముగా చేసికొని నిరూపించిరి. ఈ కుటుంబమునకే మెలనోకార్టినులని పేరు.

హార్మోను రక్తమున అంతట ప్రవహించును. అయినను అది పనిచేయునది కొన్ని కణములలోనే. ఏలయనగా, తాళపుచెవి ఊరంతయు తిరిగినను తన తాళమున్న తలుపునే తీయగలదు. ఆ తాళములకే గ్రాహకములని పేరు. 1992లో అమెరికాలోని ఆరిగన్‌నుండి రోజర్ కోన్ బృందమును, స్వీడనులో ఉప్సలనుండి మరియొక బృందమును మెలనోకార్టిన్ గ్రాహకముల జన్యువులను వెలికితీసిరి. అచిరకాలముననే అవి ఐదని తేలెను. మొదటిది రంగునిచ్చు కణములపై నున్నది, రెండవది అధివృక్కగ్రంథిపై, మూడవదియు నాలుగవదియు ముఖ్యముగా మెదడులో, ఐదవది చర్మమున జిడ్డును స్రవించు గ్రంథులపై. కంబళిని గూర్చి తెలియగోరువానికి మొదటిదియు ఐదవదియు కావలెను; కంబళి కప్పుకొన్న మనుష్యుని గూర్చి తెలియగోరువానికి ఐదును కావలెను.

మొదటి గ్రాహకము పనితీరు ఇది. రోమకూపము మొదట నుండు వర్ణకణపు పైపొరలో ఆ గ్రాహకము ఏడుమారులు లోపలికిని వెలుపలికిని మలచుకొని కూర్చుండియున్నది. ఆల్ఫా ఎం.ఎస్.హెచ్. వచ్చి తగిలినంతనే లోపల సైక్లిక్ ఎ.ఎం.పి. అను వార్తాహరద్రవ్యము పెరుగును. దానివలన టైరోసినేజ్ మొదలైన ఎంజైములు చురుకై, వర్ణకణము యూమెలనిన్ అను నల్లని వర్ణకమును చేసి పెరుగుచున్న వెండ్రుకలోనికి పంపును. ఈ వార్త మందగించినచో ఫియోమెలనిన్ అను పసుపుఎరుపు వర్ణకము బయలుదేరును. గ్రాహకమును ఆపుటకు ప్రకృతి మరియొక ప్రొటీనును కల్పించినది. దాని పేరు అగౌటి. అది హార్మోనుకు పోటీగా వచ్చి గ్రాహకమును ఆక్రమించి పని జరుగనీయదు. నలుపు అనునది, హార్మోను గెలిచినచోట వెండ్రుకకు దక్కు ఫలము.

గొర్రెలలో ఈ పోరాటము రెండువిధముల నలుపునకు అనుకూలముగా ముగియగలదు. 1999లో నార్వే పరిశోధకులు డాలా జాతి నల్లగొర్రెలను పరీక్షించి, మొదటి గ్రాహకపు గొలుసులో 73వ స్థానమునను 121వ స్థానమునను అమినో ఆమ్లములు మారియున్నవని కనుగొనిరి. అట్లు మారిన గ్రాహకము హార్మోనుకొరకు ఎదురుచూడక తానై పనిచేయును. తల్లిదండ్రులలో ఒక్కరినుండి వచ్చినను పిల్ల నల్లనిదగును. రెండవ మార్గము 2008లో ఆస్ట్రేలియాలో నారిస్, వాన్ అనువారు తెలిపినది. తెల్లగొర్రెలలో అగౌటి జన్యుభాగము ఒకటికి రెండై, అడ్డుపడు ప్రొటీను ఎడతెగక తయారగుచుండును. ఆ జన్యువు పనిచేయని రూపము తల్లినుండియు తండ్రినుండియు రెండును కలసివచ్చిన పిల్లయే నల్లనిది. తెల్లని తల్లికిని తెల్లని తండ్రికిని హఠాత్తుగా నల్లపిల్ల పుట్టుటకు ఇదియే కారణము. యాకోబు కూలియు, వర్జిల్ భయమును దీనివలననే పుట్టినవి. మెరినో మందనుండి నలుపును నిర్మూలించుట ఎందులకు కష్టమో, దక్కనీ మందలో నలుపును నిలుపుట కొక మంచి పొట్టేలు ఎందులకు ముఖ్యమో, జన్యువు అను మాట పుట్టకమునుపే కాపరులకు అనుభవమున తెలిసియుండెను.

రంగు తరువాత వాన. నల్లకంబళిని ముసుగుగా వేసికొని వానలో గంటసేపు మందవెంట నడచిన కాపరి వీపు తడియదు. ముతకవెండ్రుక, గట్టినేత, చింతగింజల గంజి ఇందుకు కొంత కారణములు. ఉన్నిలో సహజముగా నుండు జిడ్డు ముఖ్యకారణము. మిల్లులో సబ్బునీట ఉడికించి ఆ జిడ్డును తీసివేయుదురు. చేతిపనిలో అది దారముననే నిలిచియుండును. ఈ జిడ్డును చర్మపు గ్రంథులు స్రవించును. ఐదవ మెలనోకార్టిన్ గ్రాహకము లేకుండ పుట్టించిన చుంచెలుకలను 1997లో కోన్ బృందము నీటిలో ఈదించి చూడగా, వాని బొచ్చు సాధారణమైన ఎలుకల బొచ్చుకంటె హెచ్చుగా నీటిని పీల్చుకొని, ఆరుటకు ఎక్కువ కాలము పట్టెను. వాని శరీరపు వేడియు త్వరగా జారిపోయెను. జిడ్డు చాలకపోవుటయే దీనికి కారణము. బొచ్చుకు రంగునిచ్చు వంశపు హార్మోనులకే బొచ్చును వాననుండి కాపాడు పనిలోను చేయి కలదని ఇందువలన తెలిసెను.

రంగునకును ఆకలికిని గల సంబంధము ఇంతకంటె ఆశ్చర్యకరము. ముద్దులకొరకు ఎలుకలను పెంచువారు పసుపురంగు ఎలుక యొకటి తప్పక లావెక్కునని ఎన్నడో గమనించిరి. పసుపునకును కొవ్వునకును పొత్తేమని పెక్కేండ్లు ఎవ్వరికిని అంతుపట్టలేదు. ఆ ఎలుకలో చర్మమున మాత్రమే పుట్టవలసిన అగౌటి ప్రొటీను ఒడలంతట పుట్టుచున్నదనియు, చర్మమున మొదటి గ్రాహకమును అడ్డగించి బొచ్చును పసుపు చేయుచు, మెదడున నాలుగవ గ్రాహకమును అడ్డగించి తృప్తి యెరుగని ఆకలిని పుట్టించుచున్నదనియు 1994 తరువాతి పరిశోధనలు తేల్చెను. 1997లో నాలుగవ గ్రాహకము లేని ఎలుకలు స్థూలకాయములగుట నిరూపితమయ్యెను. మరుసటి యేటనే అట్టి లోపముగల మనుష్యులు కనబడిరి. మెదడున కడుపునిండిన వార్తను ఆల్ఫా ఎం.ఎస్.హెచ్. మోయును, అగౌటికి చుట్టమైన ఎ.జి.ఆర్.పి. అను మరియొక ప్రొటీను ఆకలివార్తను మోయును. ఒడలిలో కొవ్వు ఉన్నంతకాలము లెప్టిన్ అను హార్మోను మొదటిదానిని పైకెత్తి రెండవదానిని అణచియుంచును.

కొవ్వు కరిగిపోయిన నాటి కథ పావగడ సీమ యెరుగనిది కాదు. 1876లో మొదలై 1878 వరకు సాగిన మహాక్షామమున మైసూరు దేశము మిక్కిలి నలిగిపోయెను. 1871 జనాభా లెక్కలలో 50,55,412గా నున్న సంస్థానపు జనసంఖ్య 1881 నాటికి 41,86,188కి దిగెను. అనంతపురము జిల్లా ఇంకను ఏర్పడని ఆ దినములలో పావగడను చుట్టుకొనియున్నది మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్ళారి జిల్లా. అచ్చటి కరవుపనులలో సర్ రిచర్డ్ టెంపుల్ 1877 జనవరిలో కూలి ధాన్యమును దినమునకు ఒక పౌనుకు తగ్గించెను. ఆ తిండితో పనిచేయు మనుష్యుడు బ్రతుకడని ఆరోగ్యశాఖాధికారి డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించెను. కొన్ని నెలల పిదప ప్రభుత్వము కూలిని పెంచక తప్పలేదు. ఒడలికి ఎంత తిండి చాలునను ఆ వాదము కచేరీ కాగితములమీద జరుగుచుండగా, కూలివాని తలలో దాని లెక్క వేరుగా జరుగుచుండెను.

ఆ లెక్క యిది. కొవ్వు తరిగి లెప్టిన్ తగ్గినంతనే ఎ.జి.ఆర్.పి. విజృంభించి నాలుగవ గ్రాహకమును మూసివేయును. ఆకలి తక్కిన తలంపులనన్నింటిని త్రోసివేయును, శరీరము తన మంటను తగ్గించుకొని చలికి వణకును, సంతానశక్తి సన్నగిల్లును. తిండి లేని బాలుర ఎదుగుదల నిలిచి యౌవనము ఆలస్యమగుటలో మూడవ గ్రాహకమునకు పాత్ర కలదని 2021లో వెల్లడియైనది. అదే సమయమున పీయూషగ్రంథినుండి ఎ.సి.టి.హెచ్. దిగి, రెండవ గ్రాహకము మూలమున అధివృక్కగ్రంథులచే కార్టిసోలును స్రవింపజేయును. కార్టిసోలు కండను కరిగించి మెదడునకు చక్కెరగా పంపును. కరవున మనుష్యుని బొమికలు తేలుట ఈ ఆజ్ఞ ఫలితమే. మందల గతియు వేరుగా లేదు. ఒడలిలోని ఈ పొదుపు కొన్ని వారములకు సరిపోవును. రెండేండ్ల కరవునకు సరిపోదు. కార్నిష్ వాదము వైద్యశాస్త్రమున ఒప్పు. టెంపుల్ కొలత ఖజానాకు ఒప్పు, ప్రాణమునకు తప్పు.

ఈ హార్మోనుల బంధుత్వమును రోగముకూడ చాటినది. 1855లో లండను వైద్యుడు థామస్ అడిసన్, అధివృక్కగ్రంథులు చెడిపోయి కృశించిన రోగుల చర్మము కంచురంగుకు తిరుగుటను వర్ణించెను. గ్రంథి పనిచేయకపోవుటచే ఎ.సి.టి.హెచ్. మితిమీరి పెరిగి, తనది కాని మొదటి గ్రాహకమునుకూడ తెరచి, చర్మమును నలుపుచేయునని మనకిప్పుడు తెలియును. మన దేశమున క్షయరోగము ఆ గ్రంథులను తినివేయుట ఇట్టి నలుపునకు ముఖ్యకారణములలో ఒకటి. ఎండనపడి మంద కాచిన మనుష్యుని చర్మము నల్లబడుట మాత్రము రోగము కాదు, రక్షణ. సూర్యకిరణములు తగిలిన చర్మకణములు తమంతట తామే ఆల్ఫా ఎం.ఎస్.హెచ్. చేసి ప్రక్కనున్న వర్ణకణములకు అందించును. పుట్టిన యూమెలనిన్ కణముల జన్యువులకు గొడుగు పట్టును. కంబళిలోని నలుపును, దానిని కప్పుకొన్నవాని వీపుమీది నలుపును ఒకే పదార్థము, ఒకే గ్రాహకము చేసిన పని.

ఇరువదవ శతాబ్దిలో కంబళికి కాలము కలసిరాలేదు. యుద్ధకాలములలో సైన్యమునకు ముతక కంబళ్ళు కావలసివచ్చి కొంతకాలము మగ్గములు ఆడెను. అటుపిమ్మట పానీపట్టులో పాతబట్టల ఉన్నితో యంత్రములపై నేసిన చవుక దుప్పట్లు సంతలను నింపెను. వడికిన ఆడుదానికి కూలి గిట్టకపోయెను. ఉన్నికి ధర పడిపోయి, కత్తిరింపు ఖర్చుకూడ రాని దినములు వచ్చెను. మాంసమునకు గిరాకి హెచ్చుటచే ఉన్నిలేని నెల్లూరు జాతి పొట్టేళ్ళను మందలకు దింపిరి. రెండుమూడు ఈతలలో ఉన్నియు నలుపును కలసియే మాయమగుచున్నవి. మేతబీళ్ళు వేరుసెనగ చేలైనవి. 2018లో తిరుమణి, వళ్ళూరు, బలసముద్రము, క్యాతగానచెర్లు, రాయచెర్లు గ్రామముల పరిధిలో సుమారు 13,000 ఎకరములలో సౌరవిద్యుత్కేంద్రము ప్రారంభమై, 2,050 మెగావాట్ల సామర్థ్యమునకు చేరినది. భూమిగలవానికి ఎకరమునకు ఏటికి 21,000 రూపాయల కౌలు నిర్ణయమైనది. భూమిలేని కాపరికి మిగిలినది కంచె. వాన చాలని సీమకు ఎండయే పంటయగుట సంతోషమే. ఆ పంటలో జీవాలవానికి పాలు లేకపోవుట న్యాయము కాదు.

మెలనోకార్టిన్ విద్య నేడు మందుల అంగడికి చేరినది. ఎండ సోకినంతనే చర్మము మండు ఒక అరుదైన వ్యాధికి మొదటి గ్రాహకమును తెరచు అఫమెలనోటైడ్ అను మందు 2014లో ఐరోపాయందు ఆమోదము పొందినది. జన్యులోపముచే తృప్తి యెరుగని ఆకలితో స్థూలకాయులైన కొందరికి నాలుగవ గ్రాహకమును తెరచు సెట్‌మెలనోటైడ్ 2020లో అమెరికాయందు ఆమోదము పొందినది. ప్రాణుల రంగులలోని భేదములను పరిశీలించుటవలననే, అనగా పసుపు ఎలుకను, పాలిపోయిన కప్పపిల్లను, నార్వే నల్లగొర్రెను ఓపికతో చూచుటవలననే ఈ విద్య పెరిగినది. దక్కనీ నల్లగొర్రె అట్టి పరిశీలనకు అర్హమైన ధనము. దానిని మందలనుండి పోగొట్టుకొనిన పిదప ఏ ప్రయోగశాలయు తిరిగి చేసియీయలేదు.

కావున చదువరులకు ఒక మనవి. పశుసంవర్ధక శాఖవారు మాంసపు పొట్టేళ్ళను పంచునపుడు, తాలూకాకు కొన్ని మందలనైనను నలుపు చెడకుండ దక్కనీ పొట్టేళ్ళతోనే నిలుపుటకు కాపరులకు వేతనము ఈయవలెను. సౌరవిద్యుత్తు కంచెలలోపల గడ్డి మేపుకొను హక్కును ఆయా గ్రామముల జీవాలవారికి వ్రాతపూర్వకముగా కలిగింపవలెను. ఇంటికొక చేతినేత కంబళిని కొనుట పావగడ, మడకశిర, చళ్ళకెరె వాసులు తమకు తాము విధించుకొనవలసిన నియమము. ఉన్ని అమ్ముడుపోయినంతకాలమే కాపరి నల్లపొట్టేలును ఉంచుకొనును. అమ్ముడుపోని నాడు దానిని కోతకు పంపును.